కొండ దాటిన గాలి

భోగి నాడు తెల్లవారుజామున ఐదింటికి మా డాబా ఎక్కితే మధురవాడ అంతా మంటలు మంటలుగా కనిపిస్తుంది. సందుకో భోగి మంట. చంద్రంపాలెం వైపు రెండు, మిథిలాపురి కాలనీ వైపు మూడు, కార్‌షెడ్ కూడలి అవతల ఒక పెద్దది. పిల్లలు చెవులకు మఫ్లర్లు చుట్టుకుని, మెడలో భోగి పిడకల దండలేసుకుని మంట చుట్టూ మూగుతారు. నాకు మాత్రం కొన్నేళ్లుగా మంట కంటే పొగ మీదే ధ్యాస. ఆ పొగ తిన్నగా లేస్తుంది. కొబ్బరి మొవ్వు దాటుతుంది. నాలుగైదు అంతస్తుల ఎత్తుకు వెళ్లి, కంటికి కనబడని అటకకు తగిలినట్టు అక్కడ ఆగిపోతుంది. ఆగి, పక్కకు తిరిగి, పరుచుకుంటుంది. పావుగంటలో సందులన్నిటి పొగలూ కలిసి ఊరి మీద బూడిదరంగు దుప్పటి అవుతాయి. దుప్పటికి పైన ఆకాశంలో చుక్కలు మినుకుమంటూనే ఉంటాయి. కింద మాత్రం అందరికీ దగ్గు.

ఆ అటక నిజంగానే ఉంది. శీతాకాలపు రాత్రి మబ్బు లేక, గాలి కదలక ఉంటే నేల తన వేడిని గబగబా ఆకాశానికి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడుతుంది. కొంచెం ఎత్తున ఉన్న గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ చల్లబడడం గాలి స్వభావం. ఆ వేళ అది తలకిందులవుతుంది. బరువైన చల్లగాలి అడుగున, తేలికైన వెచ్చగాలి పైన చేరాక రెంటినీ కలియబెట్టే దిక్కుండదు. గిన్నె మీద మూత పెట్టినట్టే. పుస్తకాల్లో దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. మనకు మూత అన్న మాట చాలు.

వార్తాపత్రికలో వాతావరణం ఒక మూల ఉంటుంది, కాలుష్యం ఇంకో పేజీలో ఉంటుంది. ఒకటి దేవుడు చేసేది, ఇంకోటి మనిషి చేసేది అన్నట్టు చదివి పక్కన పెడతాం. భోగి పొగను కళ్లారా చూశాక నాకు ఆ విభజన మీద నమ్మకం పోయింది. ఏ పూట పొగ ఎవరి ముక్కుకు చేరాలో వాతావరణం నిర్ణయిస్తోంది. అదే పొగ తిరిగి మన మంచును, ఎండను, మబ్బును, చివరికి వానను కూడా మార్చుతోంది. మధురవాడ వాళ్లం ఈ సంగతి ఇన్నాళ్లు పట్టించుకోకపోవడానికి ఒక కారణం ఉంది. మాకు కొండ అడ్డం.

కొండ వెనక ఊరు

విశాఖపట్నం భూమి రూపం తెలిస్తే తప్ప ఈ కథ అర్థం కాదు. ఉత్తరాన కైలాసగిరి వరస, దక్షిణాన డాల్ఫిన్స్ నోస్‌తో మొదలయ్యే యారాడ కొండలు, తూర్పున సముద్రం. మధ్యలో పల్లం. ఆ పల్లం లోనే 1933లో రేవు తెరుచుకుంది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1960ల్లో ఎరువుల ఫ్యాక్టరీ, 1970ల్లో జింకు కర్మాగారం, వాటి వెంబడి బొగ్గు కుప్పలు, ఇనుప ఖనిజం కుప్పలు, లారీలు, రైళ్లు అన్నీ ఆ గిన్నెలోకే వచ్చి చేరాయి. యారాడ కొండలకు అవతల గాజువాక దాటాక ఉక్కు కర్మాగారం. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ఊరూరా గొంతెత్తి, ప్రాణాలిచ్చి సాధించుకున్న కర్మాగారం అది. 1971లో శంకుస్థాపన జరిగితే 1992లో జాతికి అంకితమైంది. ఈ ఊరికి అన్నం పెట్టినవి ఇవే. మా వీధిలో ఇప్పటికీ సగం ఇళ్లు వీటిలో పనిచేసి పదవీ విరమణ చేసినవాళ్లు కట్టుకున్నవే. అందుకే ఈ పొగ గురించి రాస్తుంటే పరాయివాళ్ల మీద ఫిర్యాదు చేస్తున్నట్టు ఉండదు. ఇంట్లో మనిషి ఆరోగ్యం గురించి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలను బేరీజు వేసి, సూచీలో 70 దాటిన 43 ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా ప్రకటించినప్పుడు విశాఖ ఆ జాబితాలో ఉంది. 2019లో మొదలైన జాతీయ శుభ్ర గాలి కార్యక్రమంలోనూ, గాలి ప్రమాణాలు అందుకోలేకపోయిన నగరాల్లో ఒకటిగా ఉంది.

మధురవాడ ఈ గిన్నెకు బయట, ఈశాన్యాన ఉంది. రేవుకు పదిహేను కిలోమీటర్ల పైమాటే. మధ్యలో కైలాసగిరి, సింహాచలం కొండలు, కంబాలకొండ అడవి. ఒకప్పుడు మామిడి, జీడి తోటల పల్లె. 2005లో గ్రేటర్ విశాఖలో కలిసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పీఎం పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టినప్పుడు దేశమంతా ఈ వైపు చూసింది. ఆ తరవాత రుషికొండ మీద ఐటీ మేడలు లేచాయి, అపార్టుమెంట్లు వరస కట్టాయి. పాత ఊళ్లో, మల్కాపురంలో, జ్ఞానాపురంలో కిటికీ గడప మీద నల్లటి పొడి తుడిచి తుడిచి విసిగినవాళ్లు "అక్కడ గాలి బాగుంటుంది" అని ఇల్లమ్ముకుని మరీ ఇటు వచ్చారు. మేమూ అలా వచ్చినవాళ్లమే.

వచ్చిన కొత్తలో మా ఆవిడ డాబా మీద మినప వడియాలు పెట్టింది. తెల్లటి పాత పంచె పరిచి, పిండి చిన్న చిన్న ముద్దలుగా పెట్టి, కాకులు రాకుండా నల్లగుడ్డ కర్రకు కట్టి. మూడో రోజు సాయంత్రం పంచె మడుస్తుంటే వడియం ఉన్నచోట తెల్లటి చుక్క, మిగతా గుడ్డంతా లేత బూడిద. "కొండ ఇవతలికి వచ్చినా మసి మన వెంటే వచ్చింది" అంది. ఆ గుడ్డ చాలా రోజులు దాచింది.

సంద్రంగాలి, కొండగాలి

మంగమారిపేట ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నాకు రెండు మాటల్లో ఈ తీరపు వాతావరణం చెప్పేశాడు. "తెల్లారగట్ట కొండగాలి మమ్మల్ని లోనికి తోసేత్తాది బాబూ. పొద్దెక్కాక సంద్రంగాలి ఇంటికి తెచ్చేత్తాది."

పగలు నేల సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి తేలికై లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రపు చల్లగాలి వస్తుంది. రాత్రి ఇది తిరగబడి, నేల మీది గాలి మెల్లగా సముద్రం వైపు జారుకుంటుంది. విశాఖలో వాల్తేరు దగ్గరా, విమానాశ్రయం దగ్గరా వాతావరణ శాఖకు రెండు చోట్ల కొలతలున్నాయి. వేసవి మధ్యాహ్నం సముద్రపు గాలి పడిన రోజున ఒడ్డున ఉన్న వాల్తేరు చల్లగా ఉంటే, లోపలున్న విమానాశ్రయం మండిపోతుంటుంది. ఒకే ఊరికి రెండు వేసవులు.

పెద్దాయన చెప్పిన ఆ రెండు గాలులే పొగను కూడా లోపలికి తోస్తాయి, ఇంటికి తెస్తాయి. రాత్రంతా పడమటి గాలికి సముద్రం మీదికి జారిన పొగ, మసి అక్కడే మాయమైపోవు. నీటి మీద తక్కువ ఎత్తులో పరుచుకుని ఉంటాయి. పదీ పదకొండు గంటల మధ్య గాలి తిరిగితే వాటిలో కొంత భాగం మళ్లీ ఒడ్డుకు చేరుతుంది. సముద్రపు గాలి అంటే శుభ్రమైన గాలి అని మనం గుండెల నిండా పీల్చుకుంటాం. చాలా రోజులు అది నిజమే. కొన్ని రోజులు మాత్రం మనం నిన్న వదిలిన ఊపిరినే మళ్లీ పీలుస్తుంటాం.

ఇంకో విశేషం ఉంది, ఇది తీరప్రాంత నగరాలకే ప్రత్యేకం. 500 మెగావాట్లు, అంతకు మించిన యూనిట్లున్న థర్మల్ కేంద్రాలకు 275 మీటర్ల గొట్టం ఉండాలని మన దేశంలో చాలాకాలంగా నియమం. పొగను అంత ఎత్తున వదిలితే కింది జనానికి తగలదన్నది లెక్క. సముద్రం మీంచి వచ్చే చల్లగాలి నిలకడగా, పొరలు పొరలుగా ఉంటుంది. అందులో పడ్డ పొగ చాలా దూరం పలచటి రిబ్బనులా సాగిపోతుంది. ఆ గాలి ఒడ్డు దాటి నేల మీదికి వచ్చేకొద్దీ అడుగునుంచి వేడెక్కి సుళ్లు తిరగడం మొదలవుతుంది. ఆ సుళ్లు ఎదిగి ఎదిగి ఎక్కడ రిబ్బనును తాకుతాయో, అక్కడ పైనున్న పొగంతా ఒక్కసారిగా కిందికి దిగుతుంది. గొట్టం పక్కనున్న ఊరు బాగానే ఉంటుంది. కొన్ని కిలోమీటర్ల అవతల, ఎండ కాస్తున్న మిట్టమధ్యాహ్నం, ఎక్కడిదో తెలియని ఘాటు వాసన.

ఏడాది గాలి లెక్క కూడా చూడాలి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవి చివరి నుంచి వానాకాలమంతా గాలి నైరుతి నుంచి, అంటే ఉక్కు నగరం, రేవు ఉన్న దిక్కు నుంచి తీరం వెంబడి మా వైపు వీస్తుంది. సన్నటి రేణువులకు కొండ గోడ కాదు. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతో ముప్పయ్యో వంతో ఉండే పీఎం 2.5 రేణువు గాలిలో రోజుల తరబడి తేలుతుంది, వందల కిలోమీటర్లు పోతుంది. దానికి కైలాసగిరి ఏపాటి? శీతాకాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. అప్పుడు రేవు పొగ అటు పోతుంది, మా బుగ్గి మాకు మిగులుతుంది. జాతీయ రహదారి లారీల పొగ, ఆగకుండా సాగే కట్టడాల సిమెంటు దుమ్ము, కొండలు తొలిచిన ఎర్రమట్టి, తగలబెట్టిన చెత్త. పడమర కంబాలకొండ, తూర్పున తొట్లకొండ వైపు గుట్టలు, నడుమ రహదారి. మేమూ ఒక చిన్న గిన్నెలోనే ఉన్నాం. పెద్ద గిన్నె తప్పించుకుని వచ్చామని అనుకున్న మాకు ఈ సంగతి తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

గాలి కదలని రాత్రి ఎంత పని చేయగలదో విశాఖకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. అది గాలి కంటే మూడు రెట్లకు పైగా బరువు. గాలి మందంగా ఉన్న ఆ వేళ పైకి లేవలేదు, చెదరలేదు, ఆర్ఆర్ వెంకటాపురం సందుల్లో నేల బారునే పాకింది. నిద్రలో ఉన్నవాళ్లు, లేచి పరుగెత్తినవాళ్లు, పశువులు. 12 మంది పోయారు. అదే ఆవిరి మధ్యాహ్నం రెండింటికి, సంద్రంగాలి జోరుగా ఉన్నప్పుడు వచ్చి ఉంటే ఎలా ఉండేదో అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

నీళ్లు తాగే మసి

డిసెంబరులో స్టేడియంలో రాత్రి మ్యాచ్ ఉన్నప్పుడు మా డాబా మీంచి ఫ్లడ్‌లైట్లు కనిపిస్తాయి. కొన్ని రాత్రులు దీపం మాత్రమే కనిపిస్తుంది. కొన్ని రాత్రులు దీపం నుంచి మైదానం దాకా వెలుగు స్తంభాల్లా దిగి కనిపిస్తుంది. వెలుగుకు సొంతంగా ఆకారం ఉండదు. దారిలో రేణువులు తగిలితేనే అది పక్కనుంచి చూసేవాడి కంటికి ఆనుతుంది. స్తంభాలు ఎంత చిక్కగా ఉంటే గాలి అంత మురికిగా ఉన్నట్టు. టీవీలో వ్యాఖ్యాతలు మంచు గురించి, బంతి తుడుచుకునే బౌలర్ గురించి మాట్లాడుతుంటారు. నేను స్తంభాలు చూస్తుంటాను.

ఆ రాత్రి స్తంభాలు, మర్నాడు పొద్దున కనబడే తెల్లటి మసక, రెండూ ఒకే వస్తువు. శుద్ధమైన గాలిలో నీటి ఆవిరికి చుక్క కట్టడం చాలా కష్టం. పట్టుకోవడానికి ఏదో ఒక రేణువు కావాలి. స్కాట్లండ్‌కు చెందిన జాన్ ఐట్కెన్ 1880లలోనే గాజు పాత్రలతో ఇది చూపించాడు: దుమ్ము లేని గాలిలో ఆవిరి ఆవిరిగానే ఉండిపోయింది, మామూలు గాలి కలపగానే పొగమంచు కట్టింది. బొగ్గు, చమురు కాలినప్పుడు వచ్చే గంధకపు వాయువు గాలిలో సల్ఫేటు రేణువులుగా మారుతుంది. ఉప్పు డబ్బా మూత తీసి పెడితే వానాకాలంలో ఏమవుతుందో మన వంటింట్లో తెలిసిందే. సల్ఫేటు రేణువూ అంతే, తేమను పీల్చి ఉబ్బుతుంది. ఉబ్బిన రేణువు వెలుగును ఎక్కువగా చెదరగొడుతుంది. విశాఖలో తేమకు కరువు లేదు. అందుకే ఎండు ప్రదేశంలో లేత మసకగా కనిపించేంత కాలుష్యమే ఇక్కడ పాలనురగలా కనిపిస్తుంది. కైలాసగిరి అలా కనుమరుగైన పొద్దున "ఈ రోజు మంచు బాగా పట్టింది" అనుకుంటూ వాకింగుకు వెళ్తాం. అందులో మంచెంత, మసెంత అన్నది ఎనిమిదిన్నర తరవాత తెలుస్తుంది. మంచైతే ఎండ రాగానే కరుగుతుంది. తొమ్మిదిన్నరకూ కంబాలకొండ అంచు కనబడకపోతే అది మంచు కాదు.

మసి సంగతి మరింత దారుణం. సల్ఫేటు ఎండను వెనక్కి కొడుతుంది, నల్లటి మసి ఎండను మింగుతుంది. మింగి, తానున్న ఎత్తులో గాలిని వేడి చేస్తుంది. కిందికి చేరాల్సిన ఎండ తగ్గి నేల ఆలస్యంగా వేడెక్కుతుంది. పైన వెచ్చన, కింద చల్లన. భోగి నాటి మూత గట్టిపడింది. మూత గట్టిపడితే పొగ ఇంకా పోగవుతుంది, పోగైన పొగ మూతను ఇంకా బిగిస్తుంది. నాకు ఈ విషయమంతటిలో అన్నిటికంటే భయం వేసేది ఇక్కడే. పొగ తనకు కావలసిన వాతావరణాన్ని తానే తయారు చేసుకుంటోంది.

ఎండ తగ్గడం మాటల్లో తేల్చే విషయం కాదు, కొలిచారు. వాతావరణ శాఖ సూర్యరశ్మిని కొలిచే 12 కేంద్రాల్లో విశాఖ ఒకటి. 1981 నుంచి 2004 దాకా ఆ కేంద్రాల లెక్కలు తీస్తే, నేలకు చేరే సూర్యశక్తి సగటున ఏటా చదరపు మీటరుకు 0.86 వాట్ల చొప్పున తగ్గుతూ వచ్చింది. 2025లో వెలువడిన మరో అధ్యయనం 1988 నుంచి 2018 దాకా 20 కేంద్రాల్లో ఎండ కాసిన గంటలను లెక్కించింది. తూర్పు తీరం ఏటా 4.9 గంటల ఎండ కోల్పోయింది. ఉత్తరాది మైదానాల్లో నష్టం ఏటా 13 గంటలు దాటింది. మబ్బులు పెరగడం, రేణువులు పెరగడం ఇందుకు కారణాలని ఆ పరిశోధకులు తేల్చారు. మా ఆవిడ వడియాలు రెండు రోజుల్లో ఎండేవి మూడు రోజులు పట్టడానికి ఈ అంకెలను ముడిపెట్టను, దానికి వేయి కారణాలుంటాయి. కానీ ఆ అంకె చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పంచే.

ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం వాళ్లు ఇస్రోతో కలిసి 1980ల చివరి నుంచే ఈ రేణువుల జాడ తీస్తున్నారు. పది వేర్వేరు తరంగదైర్ఘ్యాల్లో సూర్యుడి వెలుగు ఎంత కిందికి చేరుతోందో చూసి, దారిలో ఎంత పోయిందో లెక్క కట్టే పరికరం వాళ్లది. దేశంలో ఇంత పాత కొలతలున్న ఊళ్లు కొద్దే. 1999లో వీరభద్రన్ రామనాథన్ వంటి శాస్త్రవేత్తలు ఓడలు, విమానాలు, ఉపగ్రహాలతో హిందూ మహాసముద్రం మీద చేసిన పరిశీలనలో శీతాకాలం ఉపఖండం మీంచి సముద్రం మీదికి సాగే గోధుమరంగు పొర బయటపడి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మన తీరం ఆ పొర దారిలోనే ఉంది. జనవరిలో మనం పీల్చేదంతా మన సొంత పొగ కాదు, మనం వదిలేదంతా మన దగ్గరే ఉండదు.

ఒకే పిండితో వేయి అట్లు

వాన దగ్గరికి వస్తే నమ్మేవాళ్లు తక్కువ. ఇంత మేఘాన్ని ఇంత మసి ఏం చేస్తుంది అంటారు.

మబ్బులో చుక్క ఒక్కొక్కటీ అతి చిన్నది. అలాంటివి పది లక్షలు కలిస్తే ఒక వాన చినుకు. అవి ఒకదాన్నొకటి గుద్దుకుని, కలిసి, బరువెక్కితేనే కిందికి దిగుతాయి. గాలిలో రేణువులు తక్కువుంటే ఉన్న ఆవిరి కొన్నిటికే పట్టి చుక్కలు పెద్దవవుతాయి. రేణువులు ఎక్కువైతే అదే ఆవిరిని అన్నీ పంచుకోవాలి. గిన్నెడు పిండితో ఇరవై అట్లు పోయొచ్చు, రూపాయి బిళ్లంత సైజులో వేయీ పోయొచ్చు. వేయి పోస్తే ఎవరి కడుపూ నిండదు. చుక్కలు చిన్నవైపోయి కలవడం మానేస్తాయి. మబ్బు ఉంటుంది, చినుకు రాలదు. అలాంటి మబ్బు తెల్లగా, మెరుపుగా ఉండి ఎండను వెనక్కి పంపుతుందని 1970లలోనే షాన్ ట్వోమీ చెప్పాడు. 2000లో డేనియల్ రోసెన్‌ఫెల్డ్ ఉపగ్రహ చిత్రాల్లో దక్షిణ ఆస్ట్రేలియా మబ్బుల మీద గీతలు చూపించాడు. గీత మొదలు ఎక్కడని వెతికితే ఒకటి విద్యుత్ కేంద్రం, ఒకటి సీసం కరిగించే కర్మాగారం, ఒకటి చమురు శుద్ధి కర్మాగారం. ఆ గీతల్లో చుక్కలు చిన్నవి, వాన లేదు. పక్కనే మురికి తగలని మబ్బు కురుస్తోంది. ఆ జాబితా చదువుతుంటే మన పల్లం గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? రేవు గాలివాటున ఉన్నవాళ్లం మరి.

లోతు తక్కువ మబ్బుల్లో వాన ఆగుతుంది. ఉరుముల మబ్బులో కథ మారుతుంది. కింద రాలని చిన్న చుక్కలు బలమైన పైగాలితో బాగా ఎత్తుకు పోయి గడ్డకడతాయి. మంచు పలుకులు ఒకదాన్నొకటి రాసుకుంటేనే మబ్బులో విద్యుత్తు పుడుతుంది. పలుకులు ఎక్కువైతే రాపిడి ఎక్కువ, పిడుగులూ ఎక్కువ. ఇది సముద్రం మీదే తేలింది. శ్రీలంక దక్షిణం నుంచి మలక్కా జలసంధి వైపు సాగే ఓడల దారి మీద, పక్క నీళ్ల మీద కంటే దాదాపు రెట్టింపు పిడుగులు పడుతున్నాయని 2017లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ప్రకటించారు. నీరు అదే, ఎండ అదే, తేడా ఓడ గొట్టాల పొగ. 2020 జనవరి నుంచి ఓడల ఇంధనంలో గంధకాన్ని 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించాలన్న అంతర్జాతీయ నియమం వచ్చింది. ఆ తరవాత ఆ దారి మీద పిడుగులు సగానికి సగం తగ్గాయి. నాకు ఈ ఒక్క సంగతి కొండంత ధైర్యం ఇచ్చింది. కాగితం మీద ఒక నియమం మారితే ఆకాశంలో పిడుగులు తగ్గాయి!

మన రాష్ట్రంలో 2018 ఏప్రిల్ 24న 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. వేసవి వేడి, సముద్రపు తేమ కలిసినచోట పిడుగు ఎలాగూ పడుతుంది; ఆ రోజు లెక్కను పొగకు అంటగట్టడం తప్పు. కానీ పిడుగుకు మొదట పోయేది పొలంలో ఉన్న రైతు, చెట్టు కింద నిలబడ్డ మేకల కాపరి. ఆ మబ్బుకు మన వంతుగా ఒక్క మసి రేణువు అందినా బాధ్యత మనదే అనిపిస్తుంది.

వాన పడితే గాలి కడిగినట్టవుతుందన్న మాట సగం నిజం. జోరువానకు దుమ్ము దిగుతుంది, మర్నాడు కంబాలకొండ మీద చెట్లు లెక్కపెట్టొచ్చు. మరీ సన్నటి రేణువులను మాత్రం చినుకు సరిగా పట్టుకోలేదు. తనతో పాటు వచ్చే గాలి వాటిని పక్కకు నెట్టేస్తుంది. ఎండాకాలం తొలి వానకు కార్ల అద్దాల మీద మిగిలే చారలు పెద్ద రేణువులవి. ఊపిరితిత్తుల అడుగుకు చేరేవి ఇంకా పైనే తిరుగుతుంటాయి.

చినుకు చేయలేని పనిలో కొంత ఆకు చేస్తుంది. ఆకు మీద దుమ్ము కూర్చుంటుంది, చెట్టు నీడకు నేల చల్లగా ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో ఒడ్డు దాటినప్పుడు విశాఖ చెట్లు ఒక్క పూటలో నేల కూలాయి. కంబాలకొండ మర్నాడు అగ్గి అంటుకున్నట్టు గోధుమరంగులో నిలబడింది. అడవి తనంత తాను తిరిగి పచ్చబడింది. కాలనీల్లో మాత్రం చెట్టు పోయిన చోట చాలావరకు మెట్లో, కారు షెడ్డో వచ్చింది.

ఇంత జరుగుతున్నా మా గాలికి సొంత కొలత లేదు. గాలి నాణ్యత అని ఫోన్‌లో మనం చూసుకునే అంకె చాలాకాలంగా రాంనగర్‌లో నగరపాలక సంస్థ (జీవీఎంసీ) దగ్గరున్న పరికరం చెప్పేది. అది ఆ పల్లపు గాలి. కొండ ఇవతల, రెండు గుట్టల నడుమ, రహదారి ఒడ్డున ఉన్న ఊరికి ఆ అంకె చెల్లదు. మధురవాడకు తన గాలిని తాను కొలుచుకునే పరికరం కావాలి. దాని పక్కనే గాలి దిక్కు, వేగం, తేమ చెప్పేది ఉండాలి, రెండూ ఒకే పలక మీద కనబడాలి. రేపు తెల్లవారుజామున మూత పడుతుందని వాతావరణ శాఖకు ముందే తెలుస్తుంది. ఆ కబురు మా దాకా వస్తే ఆ పూట చెత్త తగలబెట్టరు, మట్టి పని మధ్యాహ్నానికి జరుపుకుంటారు, ఆయాసం ఉన్న ముసలాయన నడక తొమ్మిదింటికి మార్చుకుంటాడు. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 1840లోనే గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో విశాఖలో వేధశాల కట్టుకున్నాడు. తరవాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆకాశాన్నీ, వాతావరణాన్నీ లెక్కలు రాసిపెట్టాడు. ఆకాశాన్ని కొలుచుకోవడం ఈ ఊరికి దాదాపు రెండు వందల ఏళ్ల అలవాటు.

ఈ ఏడు భోగి నాడు నేను ఎనిమిదింటికి కిందికి దిగకుండా డాబా మీదే ఉండిపోయాను. ముందు రాత్రి గోడ మీద బోర్లించిన స్టీలు పళ్లెం అడుగున మంచు పట్టింది. వేలితో గీస్తే నీటి వెనకే నల్లటి గీత వచ్చింది. తొమ్మిదైంది, పది దాటింది. ఊరి మీద దుప్పటి అలాగే ఉంది. పదీ నలభైకి తీగ మీది తువ్వాలు ఒక మూల కదిలింది. మళ్లీ కదిలింది. రుషికొండ వైపు నుంచి చల్లగా, ఉప్పుగా గాలి మొహాన తగిలింది. కాసేపటికి దుప్పటి అంచు చిరిగి, కంబాలకొండ శిఖరం, దాని కింద చెట్ల వరస ఒక్కొక్కటే తేలాయి. కింద వీధిలో పిల్లలు గాలిపటాలు తీశారు. పొగ మాత్రం వాయవ్యానికి జరిగి, పూలు కోతకొచ్చిన ఆనందపురం పూలతోటల వైపు పోతూ కనిపించింది.